ఊపిరి అందనప్పుడు చేసే చిన్న ప్రార్థన



ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట పేరు వినగానే మనకు గుర్తొచ్చేది ముగ్గురాయి. బెరైటీస్ అని పిలిచే ఈ ఖనిజం ఇంత పెద్ద మొత్తంలో ఒకేచోట దొరకడం ప్రపంచంలోనే అరుదు. చమురు బావులు తవ్వడానికి దీని పొడి దేశదేశాలకు వెళ్తుంది. రాయి పగిలేచోట, మిల్లులో లేచే దుమ్ము మాత్రం పనిచేసేవారి మీదే పడుతుంది. రాతి దుమ్ములో సిలికా ఉంటే, దాన్ని ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ రావచ్చు. అది వచ్చినవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ.

ఆయాసంతో బాధపడే విశ్వాసికి ఇంకొక దిగులు కూడా ఉంటుంది. "మునుపటిలా మోకరించలేను, పాట పాడలేను. నా ప్రార్థన దేవుడు వింటాడా?" అని.

మత్తయి 14వ అధ్యాయం తీసి చూడండి. నీళ్లలో మునిగిపోతున్న పేతురుకు పెద్ద ప్రార్థన చేసే సమయం లేదు. రక్షించమని ఒక్క కేక వేశాడు, అంతే. వెంటనే ప్రభువు చెయ్యి చాపి పట్టుకున్నాడు. ఒక్క ఊపిరిలో ముగిసే ప్రార్థన కూడా ప్రార్థనే.

1 రాజులు 19లో ఏలీయా బ్రతుకు మీద విసిగి, చావు కోరుకుని చెట్టుకింద పడుకున్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. ఆ బలంతోనే అతడు హోరేబు దాకా నడిచాడు. ఆహారం, విశ్రాంతి, మందు కూడా దేవుడిచ్చేవే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్ వారి క్షయ శానిటోరియం మొదలైంది. అప్పటికి క్షయను నయం చేసే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, వీటితోనే రోగులు నెలల తరబడి ఓపిక పట్టవలసి వచ్చేది. ఈనాడు మామూలు క్షయకు ఆరు నెలల మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. రెండో నెలలోనే ఒళ్లు తేలికపడిందని, ప్రార్థన చేయించుకున్నామని మాత్రలు మానేయకండి. మధ్యలో మానేస్తే జబ్బు మొండిదై తిరగబడవచ్చు.

సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. ఈ మాట దాచడం మంచిది కాదు. పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12). ముల్లు పోలేదు గాని, దానిని భరించే కృప దొరికింది. ఆ కృప మనకూ దొరుకుతుంది.

ఇంట్లో ఇలా చేసి చూడండి:

1. మాత్ర వేసుకునే వేళ ఒక్క వచనం చదవండి. చదవలేనివారికి పిల్లలు చదివి వినిపించండి.

2. ఊపిరి అందకపోతే కూర్చునే ప్రార్థించండి. "యేసయ్యా" అన్నా చాలు.

3. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ల పరీక్ష చేయించుకోండి.

4. దుమ్ములో పనిచేసేవారు నోటికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, సన్నని దుమ్మును ఆపే మాస్కు అడగండి. నీళ్లు చల్లుతూ పని చేస్తే దుమ్ము తక్కువ లేస్తుంది.

సంఘస్థులారా, మీ పక్కింట్లో ఆయాసపడేవారు ఉంటే ఈ ఆదివారం గుడి విడిచాక వెళ్లి పలకరించండి. వారి పక్కన కూర్చుని ఒక కీర్తన నెమ్మదిగా చదవండి. మాత్రలు అయిపోవచ్చాయేమో అడగండి.

ప్రభువు మిమ్మును ఆదరించి బలపరచును గాక. ఆమేన్.