వంతెన మీద తెగని గీత

గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన ఎక్కినవారు మీలో చాలామందే ఉంటారు. పైన బస్సు, దాని కింద రైలు, ఆ కిందెక్కడో నది. రాజమండ్రిని కొవ్వూరుతో కలిపే ఈ వంతెనను 1974లో తెరిచారు. రైలు నడిచే భాగం సుమారు 2.8 కిలోమీటర్లు. రెండు వైపులా ఎక్కే దారులు కలుపుకుంటే రోడ్డు భాగం 4 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే మనమంతా నది వైపే చూస్తాం. ఈసారి ఏ వంతెన ఎక్కినా కాసేపు రోడ్డు వైపు కూడా చూడండి.

మామూలు రోడ్డు మీద నడిమి గీత ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అవతల ఖాళీ ఉంటే ఆ గీతను దాటి ముందు బండిని మించిపోవచ్చు. చాలా వంతెనల దగ్గరికి వచ్చేసరికి అదే గీత ఎక్కడా తెగకుండా సాగుతుంది. తెగని గీతను దాటకూడదు. బండి మారలేదు, డ్రైవరు మారలేదు. వంతెన ఎక్కగానే నియమం ఎందుకు మారినట్టు?

తరగతిలో ఈ ప్రశ్న అడిగితే, "బళ్ళన్నీ ఒక పక్కకు వస్తే వంతెన ఒరిగిపోతుంది మాస్టారూ!" అని ఒక కుర్రాడు జవాబు చెప్పాడు. మంచి ఊహే. కాని వంతెన కట్టే ఇంజనీర్లు ఆ సంగతి ముందే ఆలోచిస్తారు. బరువంతా ఒక అంచుకే చేరితే ఎలా అని కూడా లెక్క చూసుకునే స్తంభాలూ దూలాలూ కడతారు. మనం వరుస మారినంత మాత్రాన వంతెనకు ఏమీ కాదు. ప్రమాదమంతా మనకే.

అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. 1998 ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి రోజూ స్కూటరు మీద రాజమండ్రి వెళ్ళి సాయంత్రం కొవ్వూరు వైపు తిరిగి వచ్చేవాణ్ణి. ఒకరోజు వంతెన మీద నా ముందు గడ్డి లారీ నెమ్మదిగా పోతోంది. గడ్డి పరకలు ఎగిరి కళ్ళలో పడుతున్నాయి. విసుగు పుట్టింది. ఎదురుగా చాలా దూరంలో బస్సు కనబడుతోంది. "అది వచ్చేలోపు దాటేయొచ్చులే" అనుకుని కుడివైపుకు తీశాను. లారీ పక్కన పోతున్నంతసేపూ హాయిగానే ఉంది. లారీ ముందు భాగం దాటానో లేదో ఎడమ వైపునుంచి ఎవరో చేత్తో తోసినట్టయింది. స్కూటరు ఇంకా కుడికి, బస్సు వైపుకు జరిగింది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు గాని పక్కకు తిప్పలేదు. తిప్పడానికి ఆయనకు చోటేదీ? అటు రెయిలింగు, దాని అవతల గోదావరి. నాకూ బస్సుకూ మధ్య మూరెడు సందు మిగిలింది. తప్పు పూర్తిగా నాదే. ఇంటికి వెళ్ళాక కాగితం మీద లెక్క వేసుకుని చూస్తే, అరగంట క్రితం దాకా పిల్లల భౌతికశాస్త్రం పేపర్లలో మార్కులు కోసిన నేను ఎన్ని మార్కులు పోగొట్టుకున్నానో తెలిసింది.

ఆ లెక్క మీరూ చేయండి. లారీ వేగం గంటకు 30 కిలోమీటర్లు, స్కూటరు వేగం 50 అనుకుందాం. లారీతో పోలిస్తే నా వేగం 20 మాత్రమే. అంటే సెకనుకు 5.6 మీటర్లు. దీన్నే మీ పుస్తకంలో సాపేక్ష వేగం అంటారు. లారీ పొడవు 10 మీటర్లు. దాని వెనక 15 మీటర్ల దూరంలో మొదలుపెట్టి, దాని ముందుకు మరో 15 మీటర్లు పోయాక గాని మళ్ళీ ఎడమకు రాకూడదు. మొత్తం 40 మీటర్లు లారీ కన్నా ఎక్కువ నడవాలి. 40ని 5.6తో భాగిస్తే ఏడు సెకన్లకు కాస్త ఎక్కువ వస్తుంది. ఆ ఏడు సెకన్లలో నేను రోడ్డు మీద 100 మీటర్లు పోతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 120 మీటర్లు వస్తుంది. కలిపితే 220 మీటర్లు. ఈ వంతెనలో పెద్ద స్పాను ఒక్కొక్కటి 91.5 మీటర్లు. ఒక్క లారీని దాటడానికి దాదాపు రెండున్నర స్పాన్ల మేర రోడ్డు ఖాళీగా ఉండాలన్నమాట! అదీ సరిగ్గా సరిపోయేటంతే. కాస్త నిదానంగా ఊపిరి పీల్చుకోవాలంటే ఇంకా ఎక్కువే కావాలి.

"వంతెన తిన్నగా ఉంది కదా, 220 మీటర్లు కనబడదా?" అని మీరు అడగవచ్చు. కనబడుతుంది. కాని దూరంనుంచి ఎదురుగా వచ్చేదాని వేగాన్ని మన కన్ను పోల్చుకోలేదు. అడ్డంగా పోయే బండి వేగం తెలుస్తుంది, ఎందుకంటే అది చోటు మారుతూ ఉంటుంది. ఎదురుగా వచ్చేది చోటు మారదు, ఉన్నచోటే పెద్దదవుతుంది. స్కూటరూ బస్సూ ఒకదానికొకటి సెకనుకు 30 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి. 220 మీటర్ల దూరం మొదటి సెకను తరువాత 190 అవుతుంది. ఈ సెకనులో బస్సు మన కంటికి ఆరో వంతు మాత్రమే పెద్దదవుతుంది. అంత చిన్న తేడాను మనం పట్టించుకోం. ఆరో సెకనులో దూరం 70 నుంచి 40కి వస్తుంది. ఆ ఒక్క సెకనులో బస్సు దాదాపు రెట్టింపు కనబడుతుంది! ఇంతసేపూ కదలనట్టున్న బస్సు ఒక్కసారిగా మీదికి దూకినట్టు ఉంటుంది. బస్సు దూకలేదు, మన కన్ను ఆలస్యంగా మేలుకొంది.

దీన్ని బడి మైదానంలో పరీక్షించవచ్చు. ముగ్గురు పిల్లలు ఒకరి వెనక ఒకరు నెమ్మదిగా నడవాలి. నాలుగోవాడు వేగంగా నడిచి వారిని దాటాలి. ఎదురుగా ఒకడు అదే దారిలో రావాలి. "ఇప్పుడు దాటగలను" అని నాలుగోవాడికి ఎప్పుడు అనిపించిందో, నిజంగా ఎంత దూరం పట్టిందో కొలిచి చూడండి. పరుగు వద్దు, నడకే. రోడ్డు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఇక నన్ను తోసిన ఆ చేయి సంగతి. అది గాలి. ఊళ్ళో రోడ్డు పక్కన చెట్లు, ఇళ్ళు, గట్లు గాలిని ఆపుతాయి. నది మీద ఆపేదేముంది? వేసవి సాయంత్రాల్లో దక్షిణపు గాలి నది వెంట వచ్చి వంతెనను అడ్డంగా కొడుతుంది. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలు. గంటకు 54 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 14 కిలోల బరువంత తోపు తోస్తుంది. స్కూటరు, దాని మీద మనిషి కలిసి పక్కనుంచి చూస్తే ఇంచుమించు అంత వైశాల్యం ఉంటుంది. ఆరోజు అంత గాలి ఉందో లేదో నేను కొలవలేదు గాని, జరిగింది మాత్రం ఇదే. గాలి తగులుతున్నంతసేపూ స్కూటరు నడిపేవాడు తనకు తెలియకుండానే గాలి వైపుకు కొద్దిగా ఒరిగి ఉంటాడు. కొవ్వూరు వైపు వెళ్ళేటప్పుడు ఎడమ చేయి దక్షిణం. అటునుంచి గాలి వస్తుంటే, నేను లారీకి కుడి పక్కకు చేరగానే లారీయే నాకు గోడలా అడ్డు నిలిచింది. నేను నిటారుగా సర్దుకున్నాను. లారీని దాటి బయటికి రాగానే గాలి మళ్ళీ ఒక్కసారిగా కొట్టింది. మళ్ళీ ఒరగడానికి కాస్త సమయం పట్టింది, ఈలోగా కుడికి జరిగిపోయాను. ఎదురు బస్సు కూడా కుడివైపే ఉంది. వరుస మార్చడం పూర్తికాని ఆ క్షణంలోనే గాలి తగలడం యాదృచ్ఛికం కాదు, ఆ చోట తగిలి తీరుతుంది.

ఇదే పొరపాటు మామూలు రోడ్డు మీద జరిగితే మార్జినులోకి దిగేవాణ్ణి, లేదా బస్సు డ్రైవరు తన వైపు మార్జినులోకి దింపేవాడు. దుమ్ము రేగేది, నాలుగు తిట్లు పడేవి, అంతే. వంతెనకు మార్జిను ఉండదు. ఒక్కొక్క మీటరు వెడల్పు పెంచాలన్నా వంతెన పొడవునా ఉక్కూ సిమెంటూ పెంచాలి కనుక చాలా వంతెనలు రోడ్డుకు సరిపడా వెడల్పుతోనే కడతారు. ముగ్గురు పట్టే చోట రెండు బళ్ళే ఉన్నప్పుడు తప్పుకు చోటుంది. ఇద్దరే పట్టే చోట ముగ్గురం చేరామా, ఎవరో ఒకరు మిగిలిపోతారు. తెగని గీత చెప్పేది ఇదే.

వానాకాలంలో ఇంకో చిక్కు. వంతెనను ఒకే ముక్కగా కట్టరు. ఎండకు ఉక్కు వ్యాకోచిస్తుందని మీకు తెలుసు. 91.5 మీటర్ల ఉక్కు స్పాను 30 డిగ్రీలు వేడెక్కితే మూడు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. అందుకే స్పాన్ల మధ్య సందులు వదిలి, అంచులకు ఉక్కు పట్టీలు బిగిస్తారు. బస్సు "టక్ టక్" మనేది అక్కడే. తడిసిన ఉక్కు మీద టైరుకు పట్టు తక్కువ. తిన్నగా దాటితే ఫరవాలేదు. కాని వరుస మారే మోటారు సైకిలు ఒరిగి ఉంటుంది. దాన్ని పక్కకు తిప్పేది టైరుకూ నేలకూ మధ్య ఘర్షణే. సరిగ్గా ఘర్షణ కావలసిన చోటే అది లేకపోతే ఏమవుతుందో ఊహించండి.

పెద్ద వంతెనల మాట ఇలా ఉంటే, డెల్టాలో కాలువల మీది పాత వంతెనలది వేరే కథ. ఒకప్పుడు ఈ కాలువల్లో పడవలు నడిచేవి. అవి కిందనుంచి పోవడానికి వీలుగా వంతెనను నడుమ ఎత్తుగా కట్టేవారు. ఆ మూపురం అవతల ఏం వస్తోందో కనబడదు. ఎంత దూరం కనబడుతుందో పైథాగరస్ సిద్ధాంతంతో కట్టవచ్చు. మూపురాన్ని 200 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ముక్క అనుకోండి. డ్రైవరు కన్ను నేలనుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. వృత్తానికి ఆ కంటినుంచి గీసిన స్పర్శరేఖ పొడవే చూపు ఆనే దూరం. దాని వర్గం 2 × 200 × 1.2, అంటే 480. వర్గమూలం దాదాపు 22 మీటర్లు. ఎదుటి డ్రైవరుకూ అంతే. కనుక ఇద్దరి మధ్య 44 మీటర్లు ఉన్నప్పుడు గాని ఒకరి కళ్ళు ఒకరికి కనబడవు. ఇద్దరూ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే కలుసుకోవడానికి మిగిలింది రెండే సెకన్లు! దాటడానికి ఏడు సెకన్లు కావాలని ఇందాకే చూశాం. సముద్రంలో దూరపు ఓడ తెరచాప పైభాగమే ముందు కనబడడం గురించి చదివారు కదూ, ఇదీ అదే సూత్రం.

ఒకే వైపు పోయే రెండు మూడు వరుసలున్న వంతెనలూ ఫ్లైఓవర్లూ ఇప్పుడు చాలా వచ్చాయి. అక్కడ ఎదురు బస్సు లేదు. అయినా వెనకనుంచి వచ్చేవాడున్నాడు. వరుస మారడానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుందాం. మీరు 50లో, పక్క వరుసలోవాడు 80లో ఉంటే ఆ నాలుగు సెకన్లలో అతను మీకు 33 మీటర్లు దగ్గరవుతాడు. అద్దంలో అంతకన్నా దగ్గరగా ఉన్నవాడి ముందుకు వెళ్ళకూడదు. హైదరాబాదులో 2009లో తెరిచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడవు. ఇలాంటి చోట దిగే దారి దాటిపోతోందని చివరి క్షణంలో రెండు వరుసలు కోసుకుంటూ వెళ్ళేవారిని చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. దిగవలసిన వైపు వరుసలోకి బాగా ముందుగానే చేరాలి. చేరలేకపోతే తరువాతి దారిలో దిగి వెనక్కు రావాలి. పోయేది పది నిమిషాలు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకుందాం. 1989లో వచ్చిన రహదారి నియమాలలోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన వాహన చోదన నిబంధనలలోనూ ఇవి ఉన్నాయి: వరుసలు గీసిన రోడ్డు మీద తన వరుసలోనే నడపాలి, మారేముందు సంకేతం ఇవ్వాలి, ముందు రోడ్డు స్పష్టంగా కనబడని చోట మరొక బండిని దాటకూడదు. రెండు గీతలు జంటగా ఉండి ఒకటి ముక్కలుగా, ఒకటి తెగకుండా ఉంటే, మీ వైపున్న గీత మాటే మీరు వినాలి. మీ వైపు ముక్కల గీత ఉంటే చూసుకుని దాటవచ్చు. ఎర్ర అంచు త్రికోణంలో ఇరుకు వంతెన గుర్తు కనబడితే వంతెన ఎక్కకముందే వేగం తగ్గించాలి, దాటవలసిన బండి ఉంటే వంతెన దిగాకే దాటాలి.

మీలో చాలామందికి బండి నడిపే వయసు ఇంకా రాలేదు. కాని నాన్న వెనకో అన్న వెనకో కూర్చుని వంతెన దాటుతూనే ఉంటారు. గోదావరి రాగానే నాణెం వేయాలని బండి ఆపమని అడిగేది సాధారణంగా వెనక కూర్చున్నవారే! అలా ఒక బండి రెయిలింగు పక్కన ఆగితే, వెనక వచ్చే ప్రతి బండీ గీత దాటవలసి వస్తుంది. నాణెం వేయాలనిపిస్తే ఇటు కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది, అటు రాజమండ్రిలో పుష్కర ఘాట్ ఉంది. మెట్లు దిగి నింపాదిగా వేయవచ్చు. అక్కడ వెనకనుంచి లారీ రాదు.