వెస్ట్ పాయింట్‌ను ఊపేసిన ఎగ్‌నాగ్

న్యూయార్క్ నగరం నుంచి హడ్సన్ నది వెంట ఉత్తరానికి సుమారు 80 కిలోమీటర్లు వెళ్తే, పడమటి గట్టున బూడిదరంగు రాతి కట్టడాలు కనిపిస్తాయి. అదే వెస్ట్ పాయింట్, 1802లో మొదలైన అమెరికా సైనిక అకాడమీ. తర్వాత దేశాధ్యక్షులైన గ్రాంట్, ఐసెన్‌హోవర్ చదివిన చోటు. ఇక్కడి క్రమశిక్షణ గురించి అందరూ చెబుతారు. దాన్ని ఒక్క రాత్రిలో చెల్లాచెదురు చేసిన ఎగ్‌నాగ్ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

చలికాలపు పానీయమది. పచ్చసొనలో చక్కెర వేసి బాగా గిలక్కొట్టి, విస్కీని సన్నటి ధారగా పోస్తూ కలుపుతారు. ఒక్కసారిగా కుమ్మరిస్తే సొన విరుగుతుంది. ఆపైన పాలు, మీగడ, నురగలా గిలక్కొట్టిన తెల్లసొన, చివర చిటికెడు జాజికాయ పొడి. తీపీ మీగడా కలిసి విస్కీ ఘాటును కప్పేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఎంత తాగిందీ నాలుకకు తెలియదు.

అకాడమీని గాడిలో పెట్టిన సూపరింటెండెంట్ సిల్వేనస్ థేయర్ 1826 నాటికే అక్కడ మద్యాన్ని నిషేధించాడు. క్రిస్మస్‌కు ఎగ్‌నాగ్ తాగడం కేడెట్ల ఆనవాయితీ. విస్కీ లేని ఎగ్‌నాగ్ వాళ్లకు రుచించలేదు. ఆ ఏడాది డిసెంబరులో కొందరు నది దాటి సత్రానికి వెళ్లి, పడవలో విస్కీ తెచ్చి నార్త్ బ్యారక్స్‌లో దాచారు. 24 రాత్రి మొదలైన విందు తెల్లవారేసరికి రభసగా మారింది. కిటికీల అద్దాలు పగిలాయి, మెట్ల కమ్మీలు ఊడాయి. ఆపబోయిన అధికారుల్లో ఒకరిని కొట్టి పడేశారు, తుపాకీ కూడా పేలింది.

ఆ గుంపులో జెఫర్సన్ డేవిస్ అనే కేడెట్ ఉన్నాడు. కెప్టెన్ హిచ్‌కాక్ వస్తున్నాడు, సరుకు దాచేయండంటూ అరుస్తూ విందు జరుగుతున్న గదిలోకి దూసుకొచ్చాడు. తీరా చూస్తే హిచ్‌కాక్ అప్పటికే ఆ గదిలో ఉన్నాడు! తన గదికి పొమ్మంటే మారుమాట్లాడకుండా పోయి పడుకోవడమే డేవిస్‌ను కాపాడింది. తోటివాళ్లు పలువురు కోర్టు మార్షల్‌కు గురై అకాడమీ వదలాల్సి వచ్చింది. అతనేమో 1853లో అమెరికా యుద్ధమంత్రి అయ్యాడు, 1861లో అదే దేశం మీద తిరగబడ్డ దక్షిణాది రాష్ట్రాలకు అధ్యక్షుడూ అయ్యాడు. అప్పట్లో అక్కడే కేడెట్‌గా ఉన్న రాబర్ట్ లీ మాత్రం ఈ గొడవకు దూరంగా ఉన్నాడు. తర్వాత అకాడమీకి సూపరింటెండెంట్‌గా వచ్చాడు.

నార్త్ బ్యారక్స్ ఇప్పుడు లేదు. 1840లలో కట్టిన కొత్త బ్యారక్స్‌లో ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు పోవాలంటే బయటికొచ్చి తిరిగి వెళ్లేలా నడవలు కట్టారని చెబుతారు. గుంపు కట్టకుండా ఆపడానికి ఉపన్యాసాల కన్నా ఇదే తెలివైన పద్ధతి.

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దలకు వెస్ట్ పాయింట్ ఒక్కరోజులో వెళ్లొచ్చే చోటు. సైనిక స్థావరం కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. గైడ్ యుద్ధవీరుల విగ్రహాలన్నీ చూపించాక, ఎగ్‌నాగ్ సంగతి కూడా అడగండి.