ఆకుమందే కదా, ఏమవుతుంది?

పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 1991 నుంచి గుండె వైద్యం ఉచితంగా అందుతోంది. ఏ ఆసుపత్రిలోనైనా సరే, స్టెంటు వేయించుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగొచ్చినవాళ్ల చీటీలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అంటే అటోర్వాస్టాటినో రోసువాస్టాటినో, దాదాపు తప్పకుండా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ మాత్రల పక్కకు, ఎవరో మంచిదని చెప్పిన చూర్ణం డబ్బా వచ్చి చేరుతుంది. ఆ సంగతి డాక్టరుకు మాత్రం చెప్పరు. అడిగితే "తిడతారేమో సామీ" అంటారు.

అపోహ: ఆకుమందు దారి ఆకుమందుది, ఇంగ్లీషు మందు దారి దానిది.

వాస్తవం: రెండూ చేరేది కాలేయానికే. అటోర్వాస్టాటిన్‌ను అక్కడ సీవైపీ3ఏ4 అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఏదైనా మూలిక ఆ ఎంజైమును అణిచిందా, మాత్ర రక్తంలో పేరుకుని కండరాలను దెబ్బతీస్తుంది. ఉసిగొల్పిందా, మాత్ర ముందే ఖర్చైపోయి కొలెస్ట్రాల్ తగ్గదు. దిగులుకు విదేశాల్లో వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ ఈ రెండో రకం. అమెరికా నుంచి పిల్లలు సీసాలు తెచ్చిస్తే లేబులు చదివించుకోండి.

అపోహ: గుగ్గులు కూడా కలిపితే మాత్రకు బలం.

వాస్తవం: గుగ్గులును తేలిగ్గా తీసేయలేం. అది కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి చేసిన పరిశోధన ప్రపంచం దృష్టిని ఇటు తిప్పింది. కానీ 2003లో అమెరికాలో 8 వారాలు పరీక్షించి చూస్తే చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి దద్దుర్లు లేచాయి. పైగా డిల్టియాజెమ్, ప్రొప్రనొలోల్ అనే గుండె మందులతో కలిపినప్పుడు రక్తంలో వాటి పాళ్లు పడిపోయాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోవాల్సిన సరుకు కాదిది.

అపోహ: ఎర్ర ఈస్ట్ బియ్యం గోలీలు సహజం, వాటిలో మందు ఉండదు.

వాస్తవం: ఉన్నదే మందు! బియ్యాన్ని ఒక రకం బూజుతో పులియబెడితే మొనాకోలిన్-కె పుడుతుంది. అది 1987లో అమెరికా ఆమోదించిన లోవాస్టాటినే, రవ్వంత తేడా లేదు. మాత్రతో పాటు దీన్నీ మింగితే రెండు స్టాటిన్లు మింగినట్టే. ఏ గోలీలో ఎంత ఉందో లెక్క ఉండదు. కొన్నింటిలో మూత్రపిండాలకు చేటు చేసే సిట్రినిన్ కూడా బయటపడింది. మనం వండుకునే ఎర్ర బియ్యం వేరు, దానికి భయం లేదు.

అపోహ: మాత్ర వేసుకునేవాళ్లు చీనీకాయ ముట్టకూడదు.

వాస్తవం: తినండి. ఆ హెచ్చరిక గ్రేప్‌ఫ్రూట్‌కు సంబంధించినది. దాని దగ్గరి చుట్టమైన పంపరపనసతోనే జాగ్రత్త.

అపోహ: తెల్లగడ్డ, పసుపు గోలీలుంటే మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 28 రోజులు పోల్చి చూశారు. 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు 38 శాతం తగ్గించింది. తెల్లగడ్డ, పసుపు, దాల్చినచెక్క గోలీలు ఉత్తుత్తి మాత్రను మించి తగ్గించలేదు. కూరలో వేసుకుంటే ఏ చిక్కూ లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్లతో మాత్రం కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు.

కారణం లేకుండా కండరాలు పీకుతున్నా, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. మాత్ర సొంతంగా ఆపేయకండి. చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు చూర్ణం డబ్బా, పసరు సీసా కూడా సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి.