గాలికీ ఎండకీ ధర పలికింది, భూమి గుత్త మాటేమిటి?

మా వాణిజ్య విలేకరి

అనంతపురం: సరుకుల బజారులో అనంతపురం పేరు చెప్పగానే ఇంతకాలం గుర్తుకు వచ్చినవి రెండే: వేరుశనగ, చీనీ. మొదటిదానికి వాన కావాలి, రెండవదానికి బోరులో నీరు కావాలి. పాతికేళ్లకు పైబడి ఈ మెట్ట నేలల నుంచి మూడవ సరుకు కూడా బయటికి పోతున్నది. అది విద్యుచ్ఛక్తి. దీనికి వానతో పనిలేదు. రైతును ఏడిపించే ఎండ, గాలులే దీనికి ముడిసరుకు.

గోతాలకెత్తి కాటా వేయడానికి వీలులేని ఈ సరుకుకు కూడా ధర ఉన్నది, ఒప్పందం ఉన్నది, బకాయిలున్నాయి, కోర్టు వ్యాజ్యాలున్నాయి. బొగ్గు మండించకుండా తయారవుతుంది గనుక ప్రపంచమంతటా దీనికి గిరాకీ పెరిగింది. ఈ గిరాకీలో మెట్ట రైతు వాటా ఎంత అన్నదే ఇప్పుడు లెక్క చూసుకోవలసిన విషయం.

పాత సరుకు

పడమటి కనుమలు నైరుతి రుతుపవనాన్ని అడ్డుకోవడం వల్ల, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈ పీఠభూమికి ఏ రుతువులోనూ నిండు వాన దక్కదు. సగటు వర్షపాతం సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని వాడుక. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడక ముందు, మంచి రోజుల్లో ఈ జిల్లాలో దాదాపు 20 లక్షల ఎకరాల్లో వేరుశనగ వేసేవారు. ఇప్పుడా విస్తీర్ణం బాగా తగ్గింది. పూత సమయంలో, ఊడ దిగే సమయంలో వాన మొహం చాటేస్తే విత్తనం ఖర్చు కూడా తిరిగి రాదు.

2025-26 సంవత్సరానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. మెట్ట ఎకరాలో మూడు క్వింటాళ్ల కాయలు రాలాయనుకుంటే, ఆ ధరకే అమ్ముడుపోయాయనుకుంటే, మొత్తం రాబడి 21,789 రూపాయలు. విత్తనం, సేద్యం, కలుపు, కూలి ఖర్చులన్నీ ఇందులో నుంచే పోవాలి.

కొత్త సరుకు

ఒకప్పుడు బంగారు గనులకు పేరుపొందిన రామగిరి కొండల మీద 1990 దశకంలో గాలిమరలు లేచాయి. ఆ తరువాత కడవకల్లు, నల్లకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, ఉరవకొండ ప్రాంతాలకు అవి విస్తరించాయి. నంబులపూలకుంట వద్ద 1,500 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు మంజూరు కాగా, అందులో మొదటి 250 మెగావాట్లను 2016లో ఎన్.టి.పి.సి. నెలకొల్పింది. 2025 మే నెలలో గుత్తి మండలం బేతపల్లిలో రెన్యూ సంస్థ భారీ పథకానికి శంకుస్థాపన జరిగింది. ఎండ, గాలి రెండింటితో తీసిన కరెంటును బ్యాటరీలలో నిల్వ చేసి ఇవ్వడం ఈ పథకం విశేషం.

దేశం సంగతి కూడా చెప్పుకోవలసి ఉన్నది. తలసరి లెక్కన మనం వదిలే బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ప్రపంచ సగటులో సగానికి లోపే. పరిశ్రమలు, పంపుసెట్లు, ఇంటింటి ఫ్యాన్లు ఇంకా పెరగవలసిన దేశం ఇది. పొగ తగ్గించమంటే కరెంటు మానుకోమనడం కాదు, కరెంటు తీసే తీరు మార్చుకోమనడం. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సభలో భారత్ ప్రకటించింది. స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు లేని వనరులదేనని 2025 జూలైలో ప్రభుత్వం తెలిపింది. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇంకా బొగ్గుదే. పొరుగున ముద్దనూరు వద్ద ఉన్న 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం రాత్రిపూట కూడా నడుస్తుంది, సౌర పలక నడవదు. అందుకే బ్యాటరీలకు ఇంత ప్రాముఖ్యం వచ్చింది.

ధర పతనం, వ్యాజ్యం

2016 ప్రాంతంలో మన రాష్ట్రంలో గాలి కరెంటుకు యూనిట్ 4 రూపాయల 84 పైసలు కట్టారు. 2017 ఫిబ్రవరిలో జరిగిన జాతీయ వేలంలో అది 3.46కు, అదే ఏడాది డిసెంబరులో గుజరాత్ వేలంలో 2.43కు దిగివచ్చింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లోనే సౌర విద్యుత్తు 1.99 పలికింది. ఏ సరుకూ ఇంత త్వరగా ఇంతగా పడిపోవడం అరుదు.

ధర పడితే పాత ఒప్పందం బరువనిపిస్తుంది. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పాత ధరల సమీక్షకు పూనుకున్నది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. మధ్యంతరంగా గాలికి 2.43, సౌరానికి 2.44 చొప్పున చెల్లించాలని ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆదేశించింది. చివరికి 2022 మార్చి 15న డివిజన్ బెంచి, ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని తీర్పు చెప్పింది. పాతికేళ్లకు రాసుకున్న ధరను మధ్యలో ఒక పక్షం తగ్గించడానికి వీల్లేకపోయింది.

ఒక్క సీజనుకైనా ధర హామీ లేని వేరుశనగ రైతు ఈ తీర్పులో గ్రహించవలసింది ఉన్నది. కాగితం మీద గట్టిగా రాయించుకున్నవానికి బజారు పడినా రక్షణ ఉన్నది. రాయించుకోనివానికి లేదు.

ఎకరం లెక్క

ఒక మెగావాటు సౌర విద్యుత్తుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది. అయిదు ఎకరాలనే వేసుకుందాం. ఏడాదికి సుమారు 17.5 లక్షల యూనిట్లు వస్తాయి, అంటే ఎకరాకు 3.5 లక్షలు. యూనిట్ రెండున్నర రూపాయలకు అమ్మినా ఎకరం మీద ఎనిమిది లక్షల 75 వేల రూపాయల అమ్మకం. ఇదంతా లాభం కాదు. మెగావాటుకు కోట్లలో పెట్టుబడి ఉన్నది, వడ్డీ ఉన్నది.

ఆ ఎకరాకు ఏడాది గుత్త 30 వేల రూపాయలనుకుంటే, యూనిట్ ధరలో భూమి వంతు తొమ్మిది పైసలకు లోపే. గుత్త మరో పది వేలు పెంచినా యూనిట్‌కు పడే అదనపు భారం మూడు పైసలు దాటదు. అంటే రైతుకు ఎక్కువ ఇస్తే కరెంటు ఖరీదవుతుందన్న మాటకు లెక్కలో బలం లేదు.

అసలు చిక్కు గుత్త మొత్తంలో కన్న, దాని పెరుగుదలలో ఉన్నది. 2000-01లో వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 1,220 రూపాయలు. పాతికేళ్లలో అది దాదాపు ఆరు రెట్లయింది. ఆనాడు ఎవరైనా ఒకే మొత్తానికి పాతికేళ్ల గుత్త రాసి ఉంటే, నేడు చేతికి వచ్చే పైకం విలువ కాయల లెక్కన ఆరవ వంతుకు పడిపోయి ఉండేది. భూమిని ఏకంగా అమ్ముకున్నవానికి ఈ పాటి కూడా మిగలదు.

గాలిమర సంగతి కొంత వేరు. దాని దిమ్మెకు, దారికి కొద్దిపాటి నేల పోయినా మరకూ మరకూ నడుమ సేద్యం సాగుతుంది. సౌర పలకల కింద మామూలు మెట్ట సేద్యం సాగదు. కలుపు తీత, కాయ కోత, కాయలు వొలిచే మిల్లుల్లో దొరికే పని పోతుంది. గొర్రెల మేత బీళ్లకు కంచె పడుతుంది. పట్టాదారుకు గుత్త వస్తుంది గాని, కౌలుదారుకు, కూలికి, గొర్రెల కాపరికి ఆ కాగితంలో చోటు లేదు.

పొగకు కూడా బజారు

మన గ్రిడ్డులో ఒక యూనిట్ కరెంటుకు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన ఎకరం సౌర పలకలు ఏడాదికి దాదాపు 245 టన్నుల వాయువును ఆపుతాయి. ఇలా ఆపిన టన్నులకు క్యోటో ఒడంబడిక కింద పత్రాలు జారీ అయ్యేవి. 2008లో టన్ను 20 యూరోలకు పైగా పలికిన ఆ పత్రం 2012 చివరికి ఒక్క యూరోకు లోపు పడిపోయింది. ఎకరాకు 4,900 యూరోల సరుకు 245కు దిగిందన్న మాట. ఇటువంటి ధరను నమ్ముకుని ఏ కుటుంబమూ బతుకు లెక్క వేసుకోరాదు.

భారతదేశం 2023 జూన్‌లో తన సొంత కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని ప్రకటించింది. 2025 అక్టోబరులో సిమెంటు సహా కొన్ని పరిశ్రమలకు ఉద్గార లక్ష్యాలు నిర్ణయించింది. లక్ష్యం కన్న తగ్గించినవారు పత్రాలు అమ్ముకోవచ్చు, మించినవారు కొనాలి. సున్నపురాయి, సిమెంటుకు పేరుపడ్డ తాడిపత్రి ప్రాంతానికి ఇది దూరపు కబురు కాదు. సిమెంటులో సగానికి మించిన ఉద్గారం సున్నపురాయి కాలినప్పుడు రాయిలో నుంచే వస్తుంది గనుక కరెంటు మార్చినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఈ పత్రాలు దక్కేది కర్మాగారానికే గాని చుట్టుపక్కల పొలాలకు కాదు.

ముందు చూపు

సౌర, వాయు విద్యుత్తుకు గిరాకీ తగ్గే సూచనలు లేవు. మెట్ట భూములకు అడిగేవారు ఇంకా వస్తారు. ఇటువంటి తరుణంలో రైతులు మూడు విషయాలు చూసుకోవడం మేలు. అమ్మకం కన్న గుత్తకే మొగ్గు చూపాలి. రెండేళ్లకో మూడేళ్లకో గుత్త ఎంత పెరిగేదీ ఒప్పందంలోనే అంకెలతో రాయించుకోవాలి. దానిని వేరుశనగ మద్దతు ధరకు ముడిపెట్టినా తప్పు లేదు. పని, మేత కోల్పోయేవారికి గ్రామం ఉమ్మడిగా వాటా అడగాలి. ఒక్కొక్కరుగా వెళ్లినవారికన్న ఊరంతా కలిసి వెళ్లినవారికే బేరం కుదురుతుంది.

యూనిట్ మీద రెండు మూడు పైసల తేడాతో తీరే విషయమిది. కరెంటు అమ్మేవానికి పాతికేళ్ల ధర రాసి ఇస్తున్నప్పుడు, నేల ఇచ్చేవానికి పాతికేళ్ల పెరుగుదల రాసి ఇవ్వడం వ్యాపార ధర్మానికి విరుద్ధం కాబోదు.