పిల్లులలో ఊపిరితిత్తి లంబిక మెలిపడటం: రోగనిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం: ఊపిరితిత్తి లంబిక తన మొదలు వద్ద మెలితిరగటం పిల్లులలో అరుదైనది, ప్రాణాంతకమైనది. దీని లక్షణాలు ఇతర ఛాతీ వ్యాధులను పోలి ఉండటం వల్ల గుర్తింపు ఆలస్యమవుతుంది. నిర్ధారణలోని దశలను సకారణంగా వివరించటం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పిల్లి, ఊపిరితిత్తి లంబిక, ఛాతీ ద్రవం, ఎక్స్‌రే, సి.టి. స్కాన్.

1. ఉపోద్ఘాతం

మే నెలలో సికింద్రాబాదులో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటటం కద్దు. ఆ రోజులలో కుక్క నాలుక చాపి రొప్పటం సహజమే. పిల్లి విషయం వేరు. అది కదలకుండా కూర్చొని నోటితో శ్వాసిస్తున్నదంటే ఎండ ప్రభావమని సరిపెట్టుకోరాదు. అది అత్యవసర స్థితి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రలో నిమిషానికి సాధారణంగా 30 సార్ల లోపే శ్వాసిస్తుంది. ఈ సంఖ్యను ఇంటివద్దనే లెక్కించవచ్చు.

2. మెలిక ఏర్పడే తీరు

పిల్లికి కుడివైపు నాలుగు, ఎడమవైపు రెండు లంబికలుంటాయి. లంబిక మెలితిరిగినపుడు పలుచని గోడలు గల సిర ముందుగా మూసుకుపోతుంది. దృఢమైన ధమని ద్వారా కొంతకాలం రక్తం వస్తూనే ఉంటుంది. వచ్చిన రక్తం వెనుదిరిగే దారిలేక లంబిక ఉబ్బి, ద్రవం ఛాతీ కుహరంలోకి ఊరుతుంది. క్రమంగా కణజాలం నశిస్తుంది. ఛాతీలో ముందే చేరిన ద్రవం, ఉబ్బసం, దెబ్బలు, విభాజక పటలం చిరగటం దీనికి దోహదం చేయవచ్చు. స్పష్టమైన కారణం కనిపించని సందర్భాలూ ఉన్నాయి.

3. నిర్ధారణ క్రమం

ఆయాసపడే పిల్లికి మొదట కావలసినది ఆక్సిజన్, ప్రశాంతత. ఎక్స్‌రే కోసం బలవంతంగా వెల్లకిలా పడుకోబెడితే ప్రాణాపాయం కలుగవచ్చు. ద్రవం ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలితే, సూదితో తీసివేయటం చికిత్సగాను, పరీక్షగాను ఉపకరిస్తుంది. ఆ ద్రవం రక్తవర్ణంలో గాని, కొవ్వుతో కూడి పాలవలె గాని ఉండవచ్చు. అయితే పాలవంటి ద్రవం మెలికకు కారణమూ కావచ్చు, ఫలితమూ కావచ్చు. కనుక ద్రవం ఒక్కటే నిర్ధారణకు చాలదు.

ద్రవం తీసిన తరువాత మరల ఎక్స్‌రే తీయటం కీలకం. కేవలం ద్రవపు ఒత్తిడికి ముడుచుకొన్న లంబిక తిరిగి విప్పారే అవకాశముంది. మెలిపడిన లంబిక విప్పారదు. అది తెల్లగా, పెద్దదిగా, లోపల చిన్న చిన్న గాలి బుడగలతో కనిపించవచ్చు. దానికి చేరే శ్వాసనాళం హఠాత్తుగా తెగినట్లు ఆగిపోవటం బలమైన సూచన. డాప్లర్ పరీక్షలో రక్తప్రవాహం తగ్గటం లేదా లేకపోవటం అనుమానాన్ని బలపరుస్తుంది. సి.టి. స్కాన్‌లో శ్వాసనాళపు అంతం, మందు ఎక్కించినా వెలుగు పెరగని లంబిక మరింత స్పష్టంగా తెలుస్తాయి. తుది నిర్ధారణ శస్త్రచికిత్సలో జరుగుతుంది.

4. పోలిక గల వ్యాధులు

న్యుమోనియా, ఛాతీలో చీము, కణితి, గుండెజబ్బు, పిల్లుల కరోనా వైరస్ వల్ల కలిగే ఉదరవేష్టన శోథ కూడా ఇటువంటి లక్షణాలనే చూపగలవు. ద్రవంలోని కణాల పరీక్ష, సూక్ష్మజీవుల వర్ధనం, గుండె స్కానింగ్ వీటిని వేరు చేయటానికి తోడ్పడతాయి. మందులకు లొంగని 'న్యుమోనియా' ఒకే లంబికలో నిలిచిపోతే మెలికను తప్పక అనుమానించాలి.

5. ముగింపు

మెలిపడిన లంబికను మెలిక విప్పకుండానే తొలగించటం సాధారణ పద్ధతి. విప్పితే అందులో నిలిచిన హానికర పదార్థాలు రక్తంలో కలుస్తాయి. తొలగించిన భాగాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపితే దాగిన కణితి బయటపడవచ్చు.

2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉంది. సికింద్రాబాదు నుండి అక్కడికి నగరాన్ని దాటి వెళ్ళాలి. ఉన్నత వైద్యానికి ఎక్కడికి తరలించినా, బయలుదేరే ముందే దగ్గరి వైద్యశాలలో ద్రవం తీయించి శ్వాసను కుదుటపరచటం అవసరం. శ్వాస నిలిస్తేనే తదుపరి పరీక్షలకు అవకాశముంటుంది.