వీధి రేసులో విజేతను ముందే చెప్పగలమా?

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్ల మీద ఆ మధ్యాహ్నం విద్యుత్ కార్లు బారులు తీరాయి. మన దేశంలో జరిగిన తొలి ఫార్ములా-ఈ రేసు అది. గెలుపెవరిదని ఆ వారం మొదట్లో లెక్కలు తెలిసినవారిని అడిగి ఉంటే రెండు పేర్లు చెప్పేవారు: పోర్షే జట్టు డ్రైవర్ పాస్కల్ వెర్లైన్, ఆండ్రెట్టి జట్టు డ్రైవర్ జేక్ డెన్నిస్. అప్పటికి ఆ సీజన్‌లో జరిగినవి మూడు రేసులు. మూడింటిలోనూ మొదటి రెండు స్థానాలూ ఈ ఇద్దరివే.

కానీ గెలిచింది డీఎస్ పెన్స్కే జట్టుకు చెందిన ఫ్రెంచి డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్. ఆ మూడు రేసుల్లో ఒక్కసారి కూడా అతను మొదటి ముగ్గురిలో లేడు. నిక్ క్యాసిడీ కేవలం 0.4 సెకను వెనకగా రెండో స్థానంలో నిలిచాడు. వెర్లైన్ నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. డెన్నిస్ పోడియం ఎక్కలేదు.

అలాగని లెక్కలు పనికిరానివని తీర్మానించకూడదు. లెక్క చెప్పగలిగేది ఎవరికి ఎంత అవకాశం ఉందన్నది మాత్రమే. ఆ అవకాశాన్ని ఎలా కడతారో తెలిస్తే వీధి రేసు అంత ఉత్కంఠగా ఎందుకు సాగుతుందో కూడా అర్థమవుతుంది.

మొదట అందరూ సమానమే

బరిలో 22 కార్లున్నాయి. ఎవరి గురించీ ఏమీ తెలియదనుకుంటే ఒక్కొక్కరి గెలుపు అవకాశం 22లో ఒక వంతు, అంటే సుమారు 4.5 శాతం. లెక్క ఇక్కడ మొదలవుతుంది. తరవాత తెలిసిన ప్రతి సమాచారంతోనూ ఈ అంకెను సవరిస్తూ పోతారు. గణితంలో దీన్ని బేయస్ పద్ధతి అంటారు. గత ఫలితాలు చూస్తే వెర్లైన్, డెన్నిస్‌ల వాటా పెరుగుతుంది. శుక్రవారం ప్రాక్టీసులో వెర్లైన్ కారు గోడను ఢీకొంది కాబట్టి అతని వాటా తగ్గాలి. క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా టీవీ తెర మీద గెలుపు శాతాలు కూడా ఇలాగే కొత్త సమాచారంతో బంతి బంతికీ మారుతుంటాయి.

పెద్ద సవరణ క్వాలిఫైయింగ్‌లో జరుగుతుంది. ఫార్ములా-ఈలో డ్రైవర్లను రెండు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపులో వేగవంతులైన నలుగురిని ఎంచి, ఇద్దరిద్దరి మధ్య పోటీలు పెడతారు. ఆ రోజు ఫైనల్లో జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్ సెకనులో పదో వంతు కూడా లేని తేడాతో వెర్న్‌ను దాటి, రేసును మొదటి స్థానం (పోల్) నుంచి ప్రారంభించే హక్కు సంపాదించాడు. దాటడానికి చోటు దొరకని వీధి ట్రాకులో ముందు వరస నుంచి బయలుదేరడం చాలా విలువైన వరం. హైదరాబాద్ ట్రాకు పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, అందులో 18 మలుపులు, ఇరువైపులా కాంక్రీటు గోడలు. సీజన్ లెక్కలు ఎలా ఉన్నా, శనివారం రేసుకు ముందు వెర్న్ పేరును తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు.

రోడ్డు రోజంతా ఒకలా ఉండదు

శాశ్వత రేసు ట్రాకులో పట్టు ఎంత ఉంటుందో జట్లకు ఏళ్ల తరబడి తెలుసు. వీధిలో అలా కుదరదు. రోడ్డు మీద తొలకరి చినుకులు పడితే బండి ఎలా జారుతుందో బైకు నడిపేవారికి తెలుసు. మామూలు రోడ్డు మీద దుమ్ము, నూనె మరకలు పేరుకుని ఉంటాయి. రేసు కార్లు తిరిగేకొద్దీ ఒకే గీత వెంబడి దుమ్ము పోయి, టైర్ల రబ్బరు అంటుకుని పట్టు పెరుగుతుంది. ఆ గీత దాటి పక్కకు వెళ్లిన కారుకు దుమ్మే దిక్కు. అందుకే పక్కనుంచి దాటాలని చూసే డ్రైవర్‌కు రోడ్డు కూడా ప్రత్యర్థే.

బ్యాటరీ లెక్క

విద్యుత్ రేసులో వేగంతోపాటు పొదుపూ గెలిపిస్తుంది. 2023లో వాడిన మూడో తరం కారు బరువు డ్రైవర్‌తో కలిపి 840 కిలోలు. అది గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గితే దాని గతిశక్తిలో సుమారు 12 లక్షల జౌళ్లు, అంటే యూనిట్ కరెంటులో మూడో వంతు, బయటికొస్తుంది. మామూలు బ్రేకులైతే ఇదంతా వేడిగా పోయేది. ఈ కారులో మోటార్లే జనరేటర్లుగా మారి 600 కిలోవాట్ల వరకూ వెనక్కి పట్టి బ్యాటరీకి చేర్చగలవు. ఆ లెక్కన రెండు సెకన్ల బ్రేకింగ్‌లోనే సింహభాగం తిరిగి రాబట్టవచ్చు. రేసులో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా సమకూరుతుంది.

ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది. వెనకున్న కారుకు గాలి నిరోధం తగ్గి శక్తి మిగులుతుంది. కాబట్టి లీడ్‌లో ఉన్నవాడి బ్యాటరీయే ముందు కరుగుతుంది. హైదరాబాద్‌లో ఆఖరి ల్యాపుల్లో జరిగింది సరిగ్గా ఇదే. వెర్న్ దగ్గర కన్నా క్యాసిడీ దగ్గర ఎక్కువ ఛార్జి మిగిలి ఉంది. అయినా ఇరుకు మలుపుల్లో దాటే దారి ఇవ్వకుండా వెర్న్ ముగింపు గీత దాకా కాచుకున్నాడు. మిగిలిన ఛార్జిని మాత్రమే చూసే నమూనా క్యాసిడీ పేరే చెప్పేది. దాటడం ఎంత కష్టమో కూడా కలిపితేనే లెక్క నిలుస్తుంది.

నూటికి ఒక్కటి అని తీసేయలేం

పోల్ సాధించిన ఎవాన్స్ ఎందుకు గెలవలేదు? అతని సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ మలుపులో వచ్చి అతన్నే ఢీకొన్నాడు. జాగ్వార్ ఆశలన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. ఇలాంటి ప్రమాదాన్ని ఎవరూ ముందుగా చెప్పలేరు గానీ దాని వాటాను లెక్కలో వేయవచ్చు.

ఒక ల్యాపులో కారు దెబ్బతినే అవకాశం నూటికి ఒక్కటే అనుకుందాం. 33 ల్యాపులూ క్షేమంగా బయటపడే అవకాశం 0.99ని 33 సార్లు గుణిస్తే వస్తుంది. అది 72 శాతమే. అంటే తిరుగులేని కారుకైనా గెలుపు అవకాశం 72 శాతం మించదు. దీనికి శిక్షల గండం కూడా తోడవుతుంది. ముగింపు గీతను మూడో స్థానంలో దాటిన సెబాస్టియన్ బుయెమీ, అనుమతించినదానికన్నా ఎక్కువ శక్తి వాడినందుకు శిక్ష పడి పాయింట్లే కోల్పోయాడు. మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది.

ఈ అన్ని అంశాలనూ కలిపి జట్ల ఇంజినీర్లు కంప్యూటర్‌లో రేసును వేలసార్లు నడిపిస్తారు. ప్రమాదం, సేఫ్టీ కారు, బ్యాటరీ ఖర్చు, ఇవన్నీ ప్రతిసారీ యాదృచ్ఛికంగా మారతాయి. పదివేల రేసుల్లో ఒక డ్రైవర్ వెయ్యిసార్లు గెలిస్తే అతని అవకాశం 10 శాతం. దీనికి మాంటే కార్లో పద్ధతి అని పేరు.

జోస్యానికి మార్కులు

చెప్పిన అంకె మంచిదో కాదో తేల్చే కొలత ఒకటుంది. వాతావరణ సూచనలను పరీక్షించడానికి దాన్ని గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించాడు. ప్రతి పోటీదారుకూ ఇచ్చిన అవకాశానికీ, జరిగిన ఫలితానికీ (గెలిస్తే 1, లేకపోతే 0) మధ్య తేడాను వర్గం చేసి కూడతారు. మొత్తం ఎంత తక్కువైతే అంత మంచిది. "వెర్లైన్ ఖాయం" అన్నవారికి హైదరాబాద్ రేసులో వచ్చేది 2, అంతకన్నా చెడ్డ మార్కు లేదు. 22 మందికీ సమానంగా పంచినవారికి 0.95. వెర్లైన్‌కు 25, డెన్నిస్‌కు 20, వెర్న్‌కు 10 శాతం ఇచ్చి మిగతాది అందరికీ పంచినవారికి సుమారు 0.92. అంటే, తన మొదటి ఎంపిక ఓడినా, అనుమానానికి చోటిచ్చిన మనిషి ఏమీ తెలియనివాడికన్నా మెరుగ్గానే ఉన్నాడు. ధీమాగా ఒక్క పేరు చెప్పినవాడు అందరికన్నా వెనకబడ్డాడు.

సీజన్ మొత్తం చూసినా ఇదే తేలుతుంది. 16 రేసుల్లో ఏడుగురు వేర్వేరు విజేతలు. చివరికి ఛాంపియన్ అయిన జేక్ డెన్నిస్ గెలిచిన రేసులు రెండంటే రెండే. ఛాంపియన్ ఎవరో ముందే తెలిసినా, ఏ రేసుకైనా అతని పేరు చెబితే ఎనిమిదింట ఏడుసార్లు తప్పేది.

2024లో హైదరాబాద్‌లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. కాబట్టి సాగర తీరపు ట్రాకు మీద ఫార్ములా-ఈ గణాంకాలు ఆ ఒక్క రోజువే. అది రేసు కావచ్చు, ఎన్నిక కావచ్చు, వాన కబురు కావచ్చు, ఎవరైనా ధీమాగా ఒక్క పేరు చెబితే రెండు ప్రశ్నలు అడగండి: ఎంత శాతం? ఇంతకుముందు చెప్పిన శాతాలు ఎంతవరకు నిజమయ్యాయి? ఈ రెండింటికీ జవాబు లేని జోస్యాన్ని నమ్మకండి.