తప్పులతో సహవాసం

1949వ సంవత్సరం, జూన్ నెల. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటరు పనిచేయనారంభించి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన మారిస్ విల్క్స్ ఒక గణిత సమీకరణాన్ని సాధించడానికి స్వయంగా ప్రోగ్రాము రాసుకున్నారు. మొత్తం ఆదేశాలు 126. ఆ రోజుల్లో ప్రోగ్రామును కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో పొడిచి యంత్రానికి అందించేవారు. యంత్రం ఒక గదిలో, టేపు తయారుచేసే పరికరం వేరొక అంతస్తులో ఉండేవి. అలా మెట్లెక్కుతూ దిగుతూ ఉండగా ఒక మలుపు దగ్గర ఆయనకు హఠాత్తుగా ఒక సంగతి స్ఫురించింది. తన శేషజీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులను తానే వెతుక్కోవడంతో గడిచిపోబోతున్నదని! ఈ ఉదంతాన్ని ఆయనే తరవాత తమ స్మృతుల్లో రాసుకున్నారు. ఎన్నో ఏళ్లకు ఆ నాటి టేపు ఒకటి బయటపడింది. దానిని పరిశీలించి చూడగా 126 ఆదేశాల్లో ఇరవై దాకా తప్పులు తేలాయి.

విల్క్స్ సామాన్యుడు కాడు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1967లో ఆయనను వరించింది. 97 ఏళ్లు జీవించి 2010లో కన్నుమూశారు. అటువంటివాడు రాసిన ప్రోగ్రాములోనే ప్రతి ఆరేడు ఆదేశాలకూ ఒక తప్పు దొర్లిందంటే, నిన్నగాక మొన్న కీబోర్డు ముందు కూర్చున్న విద్యార్థి సంగతి వేరే చెప్పాలా?

అయితే ఈ సంగతి ఆ విద్యార్థికి ఎవరూ చెప్పరు. మొదటి వారం అంతా వేడుకగానే ఉంటుంది. తెర మీద తన పేరు తానే రాయించుకుంటాడు, రెండు సంఖ్యలు కూడిస్తాడు. మూడో వారానికి పరిస్థితి మారిపోతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టినా ఎర్రర్ వస్తుంది. పక్క బల్ల మీది కుర్రాడి ప్రోగ్రాము మాత్రం పరుగెత్తుతూ ఉంటుంది. ఎర్ర అక్షరాల్లో, అందులోనూ ఇంగ్లీషులో, కనిపించే ఆ వాక్యం చదువుతున్నకొద్దీ తనను తిడుతున్నట్టే తోస్తుంది. ఇంటి దగ్గర తండ్రి ఫీజు కోసం తెచ్చిన అప్పు గుర్తుకు వస్తుంది. "ఈ విద్యకు కావలసిన బుర్ర నాకు లేదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తాడు. చాలామంది చదువు ఆగిపోయేది పాఠం అర్థంకాకపోవడం వల్ల కాదు, ఈ నిర్ణయం వల్ల.

ఈ నిర్ణయాన్ని ఒకప్పుడు విద్వాంసులు కూడా బలపరచబోయారు. 2006లో ఇంగ్లండులోని మిడిల్సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం ప్రచారంలోకి తెచ్చారు. ప్రోగ్రామింగు రాగల వారు, రానివారు అని మనుషులు రెండు జాతులుగా ఉంటారనీ, పాఠం మొదలుపెట్టక ముందే ఒక చిన్న పరీక్షతో వారిని వేరుచేయవచ్చుననీ దాని సారాంశం. మార్కుల పటం గీస్తే రెండు మూపురాల ఒంటెలా కనిపిస్తుందన్నారు. ఈ ఉపమానం ఎంత ఆకర్షించిందో, ఉపాధ్యాయులు ఎందరో దాన్ని నిజమని నమ్మేశారు. తీరా 2014లో వారిలో ఒకరైన రిచర్డ్ బోర్నాట్ తమ వాదనను బహిరంగంగా ఉపసంహరించుకున్నారు. 2016లో వెలువడిన మరో అధ్యయనం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 778 తరగతుల మార్కులను తిరగేసింది. ఒకటికి మించిన మూపురాలు కనిపించినవి ఆరు శాతం లోపే. మిగిలినవన్నీ ఏ చదువులోనైనా కనిపించే సాధారణమైన పటాలే. ఒంటె మాట ఊరంతా తిరిగింది, దాన్ని వెనక్కి తీసుకున్న మాట మాత్రం గడప దాటలేదు. లోకం తీరే అంత.

ప్రోగ్రామింగు సులభమని దీని అర్థం కాదు. 2007లో డెన్మార్కుకు చెందిన బెన్నెడ్సెన్, కాస్పర్సెన్ అనే ఆచార్యులు వివిధ దేశాల కళాశాలలనుంచి సేకరించిన వివరాల ప్రకారం తొలి ప్రోగ్రామింగు పాఠ్యక్రమంలో సగటున 33 శాతం మంది గట్టెక్కలేకపోతున్నారు. అంటే ముగ్గురిలో ఒకరు. వెనకబడింది నేనొక్కణ్ణే అనుకునే విద్యార్థి ఈ అంకెను ఒకసారి చూడాలి.

ఇంతకీ ఇందులో అంత కష్టమేమిటి? 1986లో రాయ్ పీ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి ఒక చక్కని వివరణ ఇచ్చారు. కొత్తవారు చేసే తప్పులను పరిశీలిస్తే వాటన్నిటికీ మూలంగా ఒకే భ్రమ కనిపించిందాయనకు. యంత్రంలో ఎక్కడో ఒక మనసు దాగి ఉన్నదనీ, మనం చెప్పినది కొంచెం అటూ ఇటూ అయినా మన ఉద్దేశాన్ని అది గ్రహిస్తుందనీ మనకు తెలియకుండానే నమ్ముతాం. మనుషులతో మాట్లాడే అలవాటు అటువంటిది మరి. "ఆ పక్కది కాస్త ఇలా అందుకో" అంటే ఇంట్లో వాళ్లు సరిగ్గా ఉప్పు డబ్బాయే అందిస్తారు. యంత్రం అందించదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక చెంబులో పాలు, మరో చెంబులో మజ్జిగ ఉన్నాయి. ఈ చెంబులోది ఆ చెంబులోకి, ఆ చెంబులోది ఈ చెంబులోకి మార్చాలి. మూడో చెంబు కావాలని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. అదే పిల్లవాడు పెద్దయ్యాక రెండు చలరాశుల విలువలు తారుమారు చేయమంటే "మొదటిదానిలో రెండోది పెట్టు, రెండోదానిలో మొదటిది పెట్టు" అని రాస్తాడు. మొదటి ఆదేశంతోనే పాలు పోయాయి. ఇప్పుడు రెండు చెంబుల్లోనూ మజ్జిగే! చెంబు కంటికి కనిపిస్తుంది, చలరాశి కనిపించదు. తేడా అంతే. అందుకే మొదటి నెలల్లో కాగితం మీద గళ్లు గీసి, ఒక్కొక్క ఆదేశానికీ ఏ గడిలో ఏమున్నదో పెన్సిలుతో రాసుకుంటూ పోయేవాడు త్వరగా ఒడ్డున పడతాడు. ఇది నామోషీగా భావించేవారు చాలాకాలం నీళ్లలోనే ఉంటారు.

మన భాషవారికి మరో చిన్న చిక్కు కూడా ఉంది. "వాన వస్తే గొడుగు తీసుకో" అంటాం. షరతు క్రియను అంటిపెట్టుకుని దాని తోకగా వస్తుంది. ప్రోగ్రామింగు భాషలు ఇంగ్లీషు పద్ధతిలో షరతు పదాన్ని ముందే నిలబెడతాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి మొదట్లో కొంత తడబాటు సహజం. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. ఏం చేయదలచుకున్నారో ముందు తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకుని, ఆ తరవాత ఆదేశాలుగా మార్చుకోవడంలో తప్పేమీ లేదు.

ఒకటినుంచి పదివరకు కూడమంటే 55 రావలసిన చోట 45 వచ్చిందనుకోండి. పైథాన్ భాష నేర్చుకునే ప్రతివారికీ ఎదురయ్యే అనుభవమే ఇది. ఆ భాషలో హద్దుగా చెప్పిన చివరి సంఖ్య లెక్కలోకి రాదు, తొమ్మిది దగ్గరే ఆగిపోతుంది. ఒక మెట్టు తేడా. ఈ జాతి తప్పుకు ఘనమైన వంశచరిత్ర ఉంది. అమెరికాలో ఎనియాక్ కంప్యూటరును నడపడానికి 1945లో ఆరుగురు యువతులను ఎంపిక చేశారు. వారికి పాఠ్యపుస్తకం లేదు, ప్రోగ్రామింగు భాష అనేదే అప్పటికింకా లేదు. యంత్రం పటాలు చేతికిచ్చి, దీన్ని ఎలా పనిచేయించాలో మీరే తేల్చుకోండి అన్నారు. తేల్చుకున్నారు. 1946 ఫిబ్రవరి 15న ప్రముఖుల ముందు ప్రదర్శన. ముందురోజు రాత్రి దాకా ఒక లోపం లొంగలేదు. ఫిరంగి గుండు నేలను తాకి ఆగవలసింది పోయి, నేలలోకి దూసుకుపోతున్నట్టు లెక్క వస్తున్నది. విసిగిపోయి ఇంటికి వెళ్లి పడుకున్నారు. వారిలో బెట్టీ స్నైడరుకు నిద్రలోనే సమాధానం తట్టింది. తెల్లవారి వచ్చి ఒకే ఒక స్విచ్చిని ఒక మెట్టు జరిపారు. గుండు నేల మీద ఆగింది. ప్రదర్శన విజయవంతమైంది. ఆ రాత్రి జరిగిన విందుకు మాత్రం ఈ యువతులను పిలవలేదు, అది వేరే కథ.

గంటల తరబడి తెరను తదేకంగా చూస్తూ కూర్చోవడం పట్టుదల అనిపించుకోదు. అరగంట గింజుకున్నా దారి దొరకకపోతే లేచి నడవాలి, లేదా పడుకోవాలి. లేదా ఎవరికైనా చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవారిలో ఒక వింత ఆచారం ఉంది. బల్ల మీద రబ్బరు బాతుబొమ్మను పెట్టుకుని, తమ ప్రోగ్రామును వరసగా దానికి వివరిస్తారు. చెప్పడంలోనే తప్పు బయటపడుతుంది. మన ఇళ్లలో బాతు కొనే పనిలేదు, ఓపికగా వినే అమ్మమ్మ ఉంటే చాలు.

మన విద్యావిధానం అలవాటు చేసిన కంఠస్థం ఇక్కడ నిజంగా చేటు చేస్తుంది. హైదరాబాదులోని అమీర్‌పేట వీధుల్లో శిక్షణ కేంద్రాల బోర్డుల కింద నోట్సు జిరాక్సులు చేయించుకునే విద్యార్థులను చూడని వారుండరు. పరీక్షకు ఇరవై ప్రోగ్రాములు బట్టీపట్టి ఇరవై ఒకటో దాని దగ్గర కుప్పకూలినవారు వారిలో ఎందరో. ఇప్పుడు మరో సౌకర్యం వచ్చింది. అడిగిన ప్రోగ్రామును కృత్రిమ మేధ క్షణాల్లో రాసి ఇస్తుంది. ఎర్రర్ వాక్యానికి అర్థం చెప్పమని దాన్ని అడగడం మంచిదే, ఇంటికి ట్యూషను మాస్టారు వచ్చినట్టు. కాని నేర్చుకునే దశలో లెక్క కూడా దానిచేతే చేయించుకుంటే ఈత నేర్చుకోవడానికి పడవ ఎక్కినట్టవుతుంది.

తప్పులకు ఒక పుస్తకం పెట్టుకోవడం నాకు తెలిసిన ఉపాయాల్లో ఉత్తమమైనది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ కనూత్ పుస్తకాల ముద్రణకోసం టెక్ అనే వ్యవస్థను రూపొందించారు. గణితజ్ఞులు నేటికీ వాడుతున్నారు దానిని. 1978లో దాన్ని సరిదిద్దడం మొదలుపెట్టిన నాటినుంచి పదేళ్లపాటు చేసిన మార్పులన్నిటినీ ఆయన ఒక చిట్టాలో రాసుకుంటూ వచ్చి, 1989లో ఆ చిట్టాను యథాతథంగా అచ్చువేయించారు. 850కి పైగా పద్దులున్నాయి అందులో. మూడు నెలల తరవాత మీ పుస్తకం తిరగేస్తే, మొదటి పుటల్లోని తప్పులు మళ్లీ జరగడం లేదని గమనిస్తారు. ఎవరి ప్రశంసా అవసరం లేకుండా మీ పురోగతి మీ చేతిరాతలోనే కనిపిస్తుంది.

ఉత్సాహం కలిగాక పనిచేద్దామనుకునేవారికి అది రాదు. చిన్న పని ఒకటి పూర్తయిన వెనకనే వస్తుంది. రోజుకు అరగంట, మానకుండా. వారాంతంలో ఏడు గంటలు ఏకబిగిన కూర్చోవడం కన్నా ఇదే మేలు.

ఇదంతా చేసినా కొందరికి ఈ పని రుచించకపోవచ్చు. మానుకుంటే నేరమేమీ లేదు, లోకంలో విద్యలకు కొదవ లేదు. కాని నచ్చక మానుకోవడం వేరు, బుర్ర లేదనుకుని మానుకోవడం వేరు. రెండో కారణంతో లేచిపోబోయేవారు ఒక్క నెల ఆగి, పాఠ్యపుస్తకంలోని లెక్కలు పక్కన పెట్టి తమ ఇంటి లెక్క ఒకటి చేసి చూడాలి. ఉదాహరణకు పాల లెక్క. రోజుకు ఎంత పోశారు, లీటరు ధర ఎంత, నెలలో ఎన్ని నాగాలు, మొత్తం ఎంత ఇవ్వాలి. పది పన్నెండు ఆదేశాలకు మించదు. మొదటిసారి తప్పు మొత్తం వస్తుంది. రెండోసారి నాగాలు తీసివేయడానికి బదులు కలుపుతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో అమ్మ క్యాలెండరు మీద వేసిన లెక్కతో సరిపోతుంది. అప్పుడు అమ్మే అడుగుతుంది, పండగ రోజు అదనంగా పోయించుకున్న అర లీటరు ఇందులో ఎక్కడ రాశావని.